కజ్జికాయ ఏ పక్క?

పోయినవారం మనం ఉషశ్రీని వైవా గది ముందున్న బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఒళ్లో రికార్డు పుస్తకం, కాలికి కరుస్తున్న కొత్త చెప్పు, మనసులో ఒకటే కోరిక: మోడల్ రూమ్ తాళంచెవి తనకే రావాలి. ఇంతవరకూ చదివినవాళ్లకు ఆ తాళంచెవి సంగతి తెలుసు. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

ఏలూరు రోడ్డు దిగి లోపలికి వస్తే తగిలే ఈ నర్సింగ్ కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ ఇంటర్నల్ వైవా ముగియగానే సుబ్బరత్నం మేడమ్ ఒక అమ్మాయిని పిలిచి మోడల్ రూమ్ తాళంచెవి చేతిలో పెడతారు. విప్పి మళ్లీ బిగించే ప్లాస్టిక్ గుండెలూ, మూత తీస్తే పేగులు కనిపించే మొండెమూ, కొక్కేనికి వేలాడే అస్థిపంజరమూ ఆ గదిలోనే ఉంటాయి. సాయంత్రం పూట గది తెరిచి తోటివాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని చదివించే హక్కు ఆ పిల్లది. అంతకుముందు దాన్ని తమ దగ్గర ఉంచుకున్న సీనియర్లందరూ ఆ తాళంచెవి రింగుకి తలా ఒక రిబ్బను ముక్క కట్టి వెళ్లారు. దాన్ని మార్కులు చూసి ఇవ్వరు. పిల్లలు ఎవరి చుట్టూ చేరతారో వాళ్లకే ఇస్తానని మేడమ్ ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే చెబుతారు.

దసరా సెలవుల దాకా పిల్లలు చేరింది హాస్టల్లో ఉషశ్రీ మంచం చుట్టూనే. హనుమాన్ జంక్షన్‌లో చేపల మేత కొట్టు నడిపే రామకోటేశ్వరరావు గారి అమ్మాయి. తను బొమ్మ గీస్తే పుస్తకంలో బొమ్మ వెలవెలబోతుంది. టీ తాగడం అవగానే హాస్టల్ పిల్లలు ఆమె గదికి వచ్చి, ఉషా, ఒక్కసారి నీ నెఫ్రాన్ బొమ్మ ఇవ్వవే అని అడిగేవాళ్లు. ఆమె కాస్త బెట్టు చేసి, కాస్త బతిమాలించుకుని, పేజీ మడత పెట్టొద్దని హెచ్చరించి మరీ ఇచ్చేది. ఇవ్వడం కన్నా ఆ బతిమాలించుకోవడమే ఆమెకు ఎక్కువ ఇష్టం.

తర్వాత హన్నా పాటలు మొదలయ్యాయి. హన్నా ఆమె రూమ్మేటే. ఇబ్రహీంపట్నం థర్మల్ కాలనీలో పెరిగింది. వాళ్లమ్మ చర్చిలో క్వయర్ నడుపుతుంది కాబట్టి ఏ మాటకైనా వరస కట్టేయడం పిల్లకు పుట్టుకతోనే వచ్చింది. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన వినీల, ఇంటర్ దాకా తెలుగు మీడియమే చదివిన వినీల, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని ఏడుస్తుంటే, ఊరుకోబెట్టడానికి హన్నా రక్తం తిరిగే దారిని బస్సు కండక్టరు కేకలా పాడింది. కుడి కర్ణిక ఎక్కినోళ్లు కుడి జఠరికలో దిగాలి, ఊపిరితిత్తుల స్టాపులో గాలి మార్చుకుని ఎడమ పక్క బస్సెక్కాలి అంటూ సాగే పాట అది. వినీల దాన్ని ఫోన్లో రికార్డు చేసుకుంది. వారం తిరిగేసరికి హాస్టల్లో ప్రతి చెవిలోనూ అదే. కపాల నాడుల పాట వచ్చింది, జీర్ణరసాల పాట వచ్చింది. పాటల కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులో గుడివాడ, మచిలీపట్నం కాలేజీల వాళ్లు కూడా చేరారు. ఉషశ్రీ మంచం మీద దుప్పటి ఇప్పుడు పొద్దున పరిచినట్టే సాయంత్రానికీ నలగకుండా ఉంటోంది.

ఉషశ్రీకి కడుపు రగిలిపోయింది. అనాటమీ అంటే ఏమన్నా భజనా, పాటలు పాడి పాసవుతారా అని మెస్సులో రెండుసార్లు గట్టిగానే అంది. ఎవరూ పట్టించుకోలేదు. మనం దీన్ని కుళ్లు అంటాం. తను మాత్రం స్టాండర్డ్ అని పేరు పెట్టుకుంది. స్టాండర్డ్ పడిపోతోందని బాధ పడుతున్నట్టు తనకు తానే సర్దిచెప్పుకుంది.

అసలు బాధ ఆ పాటలు బాగుండటం. చెత్తగా ఉంటే నవ్వి ఊరుకునేది. బాత్రూములో కుళాయి తిప్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో పాటా హాస్టల్లో అందరికన్నా ఎక్కువసార్లు విన్నది ఉషశ్రీయే. విని, తల ఊపి, ఆ ఊపినందుకు మళ్లీ హన్నా మీదే మండిపడేది.

ఇక్కడ, పోయినవారం నేను దాటేసిన సంగతి ఒకటుంది. ఇప్పుడు చెప్పకపోతే కథ నడవదు.

వైవాకి కొద్ది రోజుల ముందు మేడమ్ ఉషశ్రీని పిలిచి బోర్డు మీద మూత్రపిండాలు గీయమన్నారు. ఆ రోజు హన్నా క్లాసులో లేదు. జ్వరంతో ఉన్న వినీలను ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్లింది. ఉషశ్రీ చాక్‌పీసుతో రెండు కిడ్నీలూ గీసి, వాటి నెత్తిన అడ్రినల్ గ్రంథులు పెట్టింది. ఒకటి త్రికోణం, ఒకటి చంద్రవంక. ప్రతి బొమ్మకూ అటు పక్కా ఇటు పక్కా కుడి ఎడమలు రాసి తీరాలన్నది మేడమ్ పెట్టిన నియమం. బొమ్మలో మనిషి మనకు ఎదురుగా నిలబడి ఉంటాడు కనుక అతని కుడి మనకు ఎడమన వస్తుంది. అది రాయకపోతే చూసినవాళ్లు తిరగేసి చదువుతారు. ఆ రోజు లంచ్ గంట కొట్టారు, పిల్లలు లేచి వెళ్లిపోయారు, ఉషశ్రీ రాయకుండానే చాక్‌పీసు కింద పెట్టేసింది. తలుపు దగ్గర ఆగిన మేడమ్, కుడి ఏదమ్మా అని అడిగితే మాత్రం వేలు పెట్టి చూపించి సరిగ్గానే చెప్పింది.

ఓపీ నుంచి తిరిగొచ్చిన హన్నా ఖాళీ క్లాసులో బోర్డును ఫోటో తీసుకుంది. సాయంత్రానికల్లా పాట కట్టేసింది. కట్టి, ముందు ఉషశ్రీ ఒక్కదానికే పంపింది. నీ బొమ్మ చూసే కట్టానే, తప్పులుంటే చెప్పు, నువ్వు చూశాకే గ్రూపులో పెడతాను అని కింద రాసింది.

ఉషశ్రీ విన్నది.

"ఎడమ కిడ్నీ నెత్తిన సమోసా చూడవే, కుడి కిడ్నీ నెత్తిన కజ్జికాయ చూడవే."

వరస ఎంత చక్కగా ఉందంటే ఉషశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. త్రికోణానికి సమోసా, చంద్రవంకకి కజ్జికాయ. తను ఆ బొమ్మ ఎన్నోసార్లు గీసినా ఆ ఊహ రాలేదు. ఆ వెంటనే తప్పు కూడా పట్టుకుంది. సమోసా కుడిది, కజ్జికాయ ఎడమది. హన్నా బొమ్మను కాగితం చూసినట్టు చూసి, తన ఎడమనే బొమ్మలో మనిషి ఎడమ అనుకుని తారుమారు చేసింది. తను బోర్డు మీద రెండు అక్షరాలు రాయకపోవడం వల్ల వచ్చిన తప్పు అది.

"కాదే, తిరగబడింది" అని టైపు చేసింది. చేసి, కాసేపు చూసి, చెరిపేసింది. ఇది తప్పని తేలిన రోజున పిల్లలు మళ్లీ ఎవరి మంచం దగ్గరికి వస్తారో ఆమె కళ్లకు కట్టింది. "బాగుంది, పెట్టెయ్" అని పంపింది. అబద్ధం చెప్పలేదు కదా, నిజంగానే బాగుంది కదా అని ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది.

ఇక వైవా గదిలోకి వెళ్దాం.

ఉషశ్రీకన్నా ముందు వెళ్లినవాళ్లలో దాదాపు అందరూ ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. వినీల అయితే ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి గోడకు తిరిగి నిలబడింది. ఏం అడిగారని ఎవరో అడిగితే, కిడ్నీ అంది, అంతే. బెంచీ మీది ఉషశ్రీకి ఒక్కసారి భయమేసింది. దాంతోపాటు కాస్త సంతోషం కూడా కలిగింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, ఆ క్షణంలో ఎక్కువగా ఉన్నది సంతోషమే.

లోపల మేడమ్ అడిగిన వాటికన్నిటికీ ఆమె గబగబా జవాబు చెప్పింది. గుండె కవాటాలు, నెఫ్రాన్ భాగాలు, అడ్రినల్ ఏ హార్మోన్లు ఇస్తుందన్నదీ తడుముకోకుండా చెప్పింది. మేడమ్ కళ్లజోడు మీదుగా చూసి మెచ్చుకోలుగా తలాడించారు. చివర్లో ట్రేలోంచి ఒక ప్లాస్టిక్ కిడ్నీ తీసి బల్ల మీద పెట్టారు. దాని నెత్తిన త్రికోణపు గ్రంథి అతికించి ఉంది.

"ఇది ఏ పక్కది?"

ఉషశ్రీకి తెలుసు. తెలుసు కాబట్టే నింపాదిగా నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే లోపల ఎక్కడో పాట మొదలైంది. బాత్రూములో, కుళాయి చప్పుడులో, అన్నిసార్లు విన్న పాట. ఆమె ఆపేలోపే అది నాలుక మీదికి వచ్చేసింది.

"ఎడమ, మేడమ్."

"ఎందుకని?"

"సమోసా..." అని నాలుక కరుచుకుని, "త్రికోణంగా ఉంది మేడమ్" అంది.

తను అన్న మాట తన చెవులే విన్నాక ఉషశ్రీ ఉలిక్కిపడింది. సరిచేసుకోబోయింది. మేడమ్ చెయ్యెత్తి ఆపారు. ఆవిడ ముఖంలో కోపం కన్నా విసుగే ఎక్కువగా ఉంది.

"నువ్వు కూడానా? పొద్దుట్నుంచీ వచ్చిన ప్రతి పిల్లా ఎడమే అంటుంది, ప్రతి పిల్లా సమోసా అంటుంది. ఈ సమోసా ఎక్కణ్నించి వచ్చిందమ్మా?"

 మేడమ్ లేచి వెళ్లి తలుపు తీసి, బయటున్న అందర్నీ లోపలికి రమ్మన్నారు.

వైవా కోసం మోడల్ రూమ్ నుంచి తెచ్చిపెట్టిన అస్థిపంజరం చుట్టూ, కిటికీ పక్కా, ఎక్కడ చోటుంటే అక్కడ పిల్లలు నిలబడ్డారు. మేడమ్ అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగారు.  పిల్లలకు హన్నా మీద ప్రేమ, చెప్పరు. హన్నాయే రెండడుగులు ముందుకొచ్చింది.

"నాదండీ. పాట నేనే కట్టాను మేడమ్."

"పాడు."

హన్నా పాడింది. ఒక్క చోటా వరస తప్పలేదు. మేడమ్ మొదటి చరణానికి కళ్లు మూసుకుని విన్నారు. సమోసా దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచారు. ఆపమని, ట్రేలోంచి రెండో కిడ్నీ కూడా తీసి, మొండెంలో రెండింటినీ వాటి వాటి చోట్ల బిగించి, మొండెం వెనక్కి వెళ్లి నిలబడి, దాని కుడి చెయ్యి ఉండాల్సిన చోట తన కుడి చెయ్యి చాపి చూపించారు. చూసిన హన్నా ముఖం పాలిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుని వినీల వైపు చూసింది. వినీల తల దించుకుంది.

ఇంతమందికి పంపేముందు ఒక్కరికన్నా చూపించాలని తోచలేదా అని మేడమ్ అడిగారు. రేపు వార్డులో కుడి ఎడమలు తారుమారు చేస్తే మంచం మీదున్న మనిషి ఏమవుతాడో ఆలోచించావా అని కూడా అడిగారు. ఉషశ్రీ గోడవారకు, ముందున్న పిల్లల వెనక్కి జరిగింది.

"చూపించాను మేడమ్. ఉషకి పంపాను" అంది హన్నా. "బాగుందనే అంది. పాపం తనకీ తెలియదు మేడమ్. తెలిస్తే ఇప్పుడు మీ ముందు తనెందుకు తప్పు చెప్తుంది? తననేమనకండి, కట్టింది నేను."

గదిలో అందరూ ఒకసారి ఉషశ్రీని జాలిగా చూశారు. తన నాలుక చేసిన పొరపాటే తనను కాపాడిందని ఆమెకు అప్పుడర్థమైంది. ఎవరికీ అనుమానం రాదు. అడగనైనా అడగరు. బతికిపోయాననుకుంది. అనుకున్న వెంటనే, తన తరఫున మాట్లాడుతున్న ఆ పిల్ల గొంతు విని కిటికీ వైపు ముఖం తిప్పుకుంది.

మేడమ్ తీర్పు చెప్పేశారు. తప్పు చెప్పినవాళ్లకు కిడ్నీ వరకు మళ్లీ వైవా ఉంటుంది. పాటలు కట్టిపెట్టాలి, హన్నా ఇక గ్రూపులో ఏదీ పాడి పంపకూడదు. వినీల, నాకు పాట లేకపోతే ఎక్కదు మేడమ్ అని గొణిగింది కానీ మేడమ్ వినిపించుకోలేదు. సొరుగు లాగి తాళంచెవి తీశారు. రంగు వెలిసిన రిబ్బన్లు ఆవిడ వేళ్ల మధ్య నుంచి కిందికి వేలాడాయి.

ఈ ఏడు హన్నాకే ఇద్దామనుకున్నానని మేడమ్ దాచకుండా చెప్పారు. అందరూ ఆ పిల్ల చుట్టూనే చేరారు, నిజమే. కానీ సరిచూసుకునే అలవాటు లేనివాళ్ల చేతికి ఇంతమందిని అప్పగించలేనన్నారు. దసరా దాకా పిల్లలు చేరింది నీ చుట్టూనేగా అని ఉషశ్రీని పిలిచి తాళంచెవి చేతిలో పెట్టారు.

రింగు చల్లగా తగిలింది. ఉషశ్రీకి నిజంగానే ఆనందం పొంగింది, లేదని అంటే నేను అబద్ధం చెప్పినట్టే. దసరా నుంచి ఆమె తిండీ నిద్రా సరిగ్గా లేకుండా కోరుకున్నది ఇదే. పిడికిలి మూసింది. ఇక వెళ్లొచ్చు అనుకుని గుమ్మం వైపు తిరిగింది.

"అయినా నాకొకటి అర్థం కాదమ్మా" అన్నారు మేడమ్ వెనక నుంచి, ట్రే సర్దుకుంటూ, మామూలుగానే. "ఆ రోజు బోర్డు మీద బాగానే గీశావు. కుడి ఏదని నేనడిగితే వేలు పెట్టి చూపించావు కూడాను. ఇవ్వాళ తడబడ్డావెందుకు? భయమా?"

అవునండీ అని ఉషశ్రీ అంది. అన్న మాట తనకే వినపడలేదు. హన్నా అప్పటికే తలెత్తి ఆమెను చూస్తోంది. ఆ చూపులో ఇంకా కోపం రాలేదు. లెక్క సరిపోనివాళ్లు మొదటి నుంచీ మళ్లీ కూడుకుంటున్నట్టు చూసింది.

వరండాలోకి వచ్చాక పిల్లలు చెదిరిపోయారు. కొందరు ఉషశ్రీ భుజం తట్టి, సాయంత్రం వస్తామే, కిడ్నీ మళ్లీ చెప్పాలి అని వెళ్లారు. ఆమె కోరుకున్న మాటలే అవి. వినీల మాత్రం మళ్లీ ట్యాంకు దగ్గరికే పోయింది. హన్నా మెట్ల దగ్గర నిలబడి ఉంది. తప్పించుకుని పోవడానికి వేరే దారి లేదు.

"నీ బొమ్మలో ఏది కుడో నీకు తెలుసు కదా" అంది హన్నా.

ఉషశ్రీ పక్క నుంచి మెట్టు దిగబోయింది.

"నేను ముందు నీకే పంపాను. నువ్వు విన్నావు. విని బాగుందన్నావు." హన్నా గొంతు పెంచలేదు. "నీకు తెలియదని లోపల మేడమ్‌తో చెప్పొచ్చాను. ఇప్పుడు నువ్వు చెప్పు. తెలుసా, తెలీదా?"

తెలీదు అంటే సరిపోతుంది. ఈ మాట ఎవరూ కాదనలేరు, వైవాలో తప్పు చెప్పడమే సాక్ష్యం. ఉషశ్రీ ఆ మాట కోసమే నోరు తెరిచింది. ట్యాంకు దగ్గర వినీల తనలో తాను పాటను తిరగేసి పాడుకోవడానికి ప్రయత్నిస్తోంది. కుడి దగ్గర మొదలుపెట్టి, మళ్లీ ఎడమకే జారిపోయి, ఆగిపోయి, మళ్లీ మొదలుపెడుతోంది.

"తెలుసు" అంది ఉషశ్రీ. "అందరూ నీ దగ్గరికే పోతున్నారని కుళ్లుకున్నానే. నీకన్నా నేనే మొదట్నుంచీ..." అని, ఆ మాట ఎక్కడికి పోతుందో తెలియక వదిలేసింది.

హన్నా తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. రెండూ చెయ్యలేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. వినీల వైపు ఒకసారి చూసి, తన ఫోన్ తీసి, గ్రూపు తెరిచింది.

"మచిలీపట్నం వాళ్లకి రేపే వైవా. వాళ్లందరూ ఇదే పాడుకుంటా ఉంటారు. నన్ను పాడొద్దన్నారు, నువ్వూ విన్నావుగా. తాళంచెవి నీ దగ్గరుంది, చెప్పాల్సింది నువ్వే." ఫోన్ ఆమె నోటి ముందు పెట్టింది. "కజ్జికాయ ఏ పక్కో చెప్పు. నీకెప్పట్నుంచి తెలుసో, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో, అది కూడా చెప్పు."

బొటనవేలితో మైకు నొక్కి పట్టుకుంది. తెర మీద ఎర్రచుక్క వెలిగింది, సెకన్లు నడవడం మొదలైంది. వినీల పాడుకోవడం ఆపి ఇటు తిరిగింది. ఉషశ్రీ పిడికిట్లో రిబ్బన్లు చెమటకు తడిశాయి.

"నేను ఉషశ్రీని" అని మొదలుపెట్టింది.